ధర్మశాస్త్రం చదివేటప్పుడు రిఫరెన్స్ బైబిల్ ఎంతవరకు పనికొస్తుంది?

పేజీ మధ్య కాలమ్‌లో రిఫరెన్సులు (సంబంధమున్న వేరే వచనాల అంకెలు), అడుగున నోట్సు, చివర కాంకార్డెన్స్ (ఏ పదం ఏ వచనాల్లో ఉందో చూపే పట్టిక) ఉన్న బైబిల్‌ను ఇక్కడ ఒక్క పనికి పెట్టి చూస్తున్నాం. మోషే ధర్మశాస్త్రంలో ఒక ఆజ్ఞ చదివిన క్రైస్తవుడు ఇప్పుడు ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి అది ఎంత సాయపడుతుంది?

కొనేముందు ద్వితీయోపదేశకాండము 22:1-12 తెరిచి చూడండి. ఆ పన్నెండు వచనాల్లోనే తప్పిపోయిన ఎద్దు, పక్షి గూడు, పిట్టగోడ, ఉన్ని నార కలిపి నేసిన బట్ట, వస్త్రానికి కుచ్చులు అన్నీ ఉన్నాయి. నోట్సు రాసినవాళ్లు కష్టమైనచోట ఆగారో, దాటేశారో ఇక్కడే తెలిసిపోతుంది. బట్ట గురించి బారెడు రాసి, పిట్టగోడ గురించి ఒక్క ముక్కా రాయకపోతే ఆ నోట్సు ఈ పనికి దండగ.

మధ్య కాలమ్ సత్తా చూడాలంటే అదే పుస్తకంలో 25:4 మంచి చోటు. నూర్చే ఎద్దు మూతికి చిక్కం వెయ్యకూడదన్న ఆజ్ఞ దగ్గర 1 కొరింథీ 9:9, 1 తిమోతి 5:18 తప్పక కనిపించాలి. కనిపించాక అక్కడితో ఆగకుండా ఆ రెండూ తెరవాలి. ఆ పత్రికల్లో అపొస్తలుడు పౌలు ఎద్దు దగ్గర ఆగిపోలేదు. కష్టపడేవాడికి ఆ కష్టంలోంచి తిండి రావాలన్న కారణాన్ని పట్టుకుని, దాన్ని సువార్త ప్రకటించేవాళ్ల పోషణకు వర్తింపజేశాడు. పాత ఆజ్ఞను ఎలా చదవాలో ఇంతకన్నా మంచి నమూనా దొరకదు.

కూలి సంగతీ అంతే. లేవీయకాండము 19:13 నుంచి ద్వితీయోపదేశకాండము 24:15కు, అక్కడి నుంచి యాకోబు 5:4కు వెళ్లండి. మధ్యలోది వదిలేస్తే కారణం చేజారుతుంది: కూలివాడు బీదవాడు, ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకున్నాడు, అందుకే పొద్దు గుంకకముందే ఇచ్చెయ్యాలి. నెల జీతానికి ఇద్దరూ ఒప్పుకున్నచోట సాయంత్రం లోపల ఇవ్వకపోవడం తప్పు కాదు. ఒప్పుకున్న తేదీ దాటించి, చేతిలో డబ్బుండి కూడా తిప్పించుకోవడమే తప్పు.

అసలు చిక్కు పిట్టగోడ దగ్గర మొదలవుతుంది. ఇంటి పైకప్పు మీద నుంచి ఎవరూ పడకుండా పిట్టగోడ కట్టాలన్న ద్వితీయోపదేశకాండము 22:8ను క్రొత్త నిబంధన ఎక్కడా నేరుగా ఎత్తి చెప్పదు కాబట్టి కాలమ్ ఇక్కడ పెద్దగా దారి చూపదు. చదివేవాడే నిర్గమకాండము 21కి వెళ్లాలి. 29వ వచనంలో పొడిచే ఎద్దని ముందే తెలిసినా కట్టెయ్యని యజమాని ఉన్నాడు. 33లో గొయ్యి తవ్వి కప్పకుండా వదిలేసినవాడున్నాడు. మూడింటినీ పక్కపక్కన పెడితే సూత్రం కనపడుతుంది: నీ ఆస్తి వల్ల ఇంకొకరికి ప్రమాదమని తెలిశాక ఊరుకుంటే, జరిగినదానికి బాధ్యుడివి నువ్వే. బ్రేకులు సరిగా పడని బండిని అరువిచ్చేవాడికి, తెగిన కరెంటు తీగను రేపు చూద్దాంలే అనుకునే ఇంటాయనకు ఈ ఆజ్ఞ నేరుగా తగులుతుంది.

నోట్సులో తరచూ ఆజ్ఞలకు వేసే నైతిక, ఆచార, పౌర అనే మూడు ముద్రలతో కాస్త జాగ్రత్త. ఈ విభజన 13వ శతాబ్దపు కేథలిక్ పండితుడు థామస్ అక్వినాస్ రాతల్లో ఉంది, ప్రొటెస్టెంట్ల వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం 19వ అధ్యాయంలోనూ ఉంది. మోషే రాతలో మాత్రం ఆ గీతలు లేవు. నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెనన్న ఆజ్ఞ లేవీయకాండము 19:18లో ఉంటే, రెండు రకాల దారాల బట్ట ఆ పక్క వచనంలోనే ఉంది. ముద్ర వేసి వదిలేసే నోట్సుకన్నా కారణం చూపే నోట్సు నయం. బలుల సంగతికి హెబ్రీ 10, భోజన నియమాలకు మార్కు 7:19, అన్యజనుల మీద ఏ భారం పెట్టాలన్నదానికి అపొస్తలుల కార్యములు 15 చూపిస్తే చాలు.

కాంకార్డెన్స్‌లో ‘ఆజ్ఞ’ ఒక్కటే వెతికితే సగం పోతుంది. కట్టడలు, విధులు, శాసనములు, ఉపదేశములు కూడా చూడాలి. 119వ కీర్తనలో ఇవన్నీ కలిసే వస్తాయి. పదం కలిసినంత మాత్రాన అర్థం కలవదు. హెబ్రీ 4:9లోని విశ్రాంతి, మార్కు 2:27లోని విశ్రాంతిదినం ఒకటే అనుకుంటే దారి తప్పినట్టే. గుంపుగా చదివేటప్పుడు పది ఆజ్ఞల అంకెలూ తికమక పెడతాయి. నరహత్య ఆజ్ఞ కేథలిక్కులకు, లూథరన్లకు అయిదోది, చాలామంది ప్రొటెస్టెంట్లకు ఆరోది. అంకెకు బదులు వచనం చెప్పుకోవడం మేలు.

ఫోన్ యాప్‌లో వెతుకులాట వేగంగా అయిపోతుంది. కానీ వచనాన్ని ఒంటరిగా చూపిస్తే పక్క వచనాలు మరుగున పడతాయి, ధర్మశాస్త్రంలో అది పెద్ద నష్టమే. అధ్యాయం మొత్తం తెరిచే అలవాటుంటే యాప్ చాలు.

చివరి పరీక్ష దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు. మలాకీ 3:10 దగ్గర నోట్సు ద్వితీయోపదేశకాండము 14:22-29ను చూపిస్తోందా? అక్కడ ఆ భాగాన్ని దేవుని సన్నిధిలో ఇంటివాళ్లతో కలిసి తినమని ఉంది. మూడేళ్లకోసారి లేవీయుడికి, పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి పెట్టమనీ ఉంది. అది చూపించని పుస్తకాన్ని అల్మారాలోకి తిరిగి పెట్టెయ్యండి.