నల్లగొండలో ఆసిల్లోస్కోప్ రిపేరు: పని బంగారం, ఓపిక మీరు తెచ్చుకోవాలి

మా జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పాత ఆసిల్లోస్కోప్ (కరెంటు సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే పరికరం) ఒకటుంది. వెంట్రుకలా సన్నగా రావాల్సిన పచ్చ గీత మసకబారి, చాక్‌పీసు గీతంత లావైంది. లోపలి పిక్చర్ ట్యూబ్ పోయిందనుకుని, ఆన్‌లైన్‌లో 1,800 పెట్టి పాత ట్యూబ్ తెప్పించా. రెండూ ఆటోలో వేసుకుని ప్రకాశం బజార్ పక్క సందులోని టీవీ రిపేరు షాపుకు పోయాను.

ఆయన ప్లగ్గు కూడా పెట్టలేదు. నేను కొన్న ట్యూబ్ మెడను వెలుతురుకు పట్టి చూసి, "సారూ, గిది సచ్చింది. గాలి జొరబడ్డది" అన్నాడు. మెడ లోపల అద్దంలా మెరిసే బేరియం పూత ఉంటుంది. దాన్ని గెట్టర్ అంటారు. ట్యూబ్‌లో గాలి ఉండకూడదు కాబట్టి, పంపుతో లాగేశాక మిగిలిన కాస్త గాలిని అదే మింగుతుంది. బయటి గాలి చొరబడితే పాలలా తెల్లబడుతుంది. కొన్నది తెల్లగా ఉంది. మా పాతది ఇంకా తళతళలాడుతోంది.

చచ్చినదాన్ని గోనెసంచిలో చుట్టి పగలగొట్టి, లోపలి ఎలక్ట్రాన్ గన్ను (తెర మీదికి ఎలక్ట్రాన్లను చిమ్మే భాగం) తీసి నా చేతిలో పెట్టాడు. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నా, బొమ్మలో తప్ప చూడలేదు! ఎర్రగా కాగి ఎలక్ట్రాన్లు వదిలే క్యాథోడ్, దాని ముందు సూదిమొనంత రంధ్రమున్న చిన్న గిన్నె, తర్వాత ఫోకస్ గొట్టాలు, చివర ఆ ఎలక్ట్రాన్లను పక్కలకూ, పైకీ కిందికీ వంచే రెండు జతల పలకలు. ఒక్క స్క్రూ లేదు, జిగురు లేదు. జిగురైతే వేడికి ఆవిరి వదిలి వాక్యూమ్‌ను పాడుచేస్తుంది. అందుకే ముక్కలన్నీ వరసగా అమర్చి, మెత్తబడేదాకా కాల్చిన గాజు కడ్డీలను వాటి కొసల మీద అదుముతారట. రంధ్రం ఏమాత్రం పక్కకు జరిగినా తెర మీద చుక్క కోలగా వస్తుంది.

అసలు జబ్బు ఫోకస్ సర్క్యూట్‌లో విలువ పెరిగిపోయిన రెసిస్టర్‌ది. అక్కడ రెండు వేల వోల్టుల దాకా ఉంటుంది కాబట్టి, ముందు కెపాసిటర్లలో నిల్వ ఉన్న కరెంటును ఖాళీ చేశాకే చెయ్యి పెట్టాడు. తీసుకున్నది 450. గీత మళ్లీ సన్నబడింది.

ఇక తిప్పలు. మూడు రోజులన్నది మూడు వారాలైంది. ఫోన్ ఎత్తడు. కాలేజీకి బిల్లు కావాలంటే అగరుబత్తి డబ్బా అట్ట చింపి దాని మీద రాసిచ్చాడు. మా సూపరింటెండెంట్ ఇంకా పాస్ చెయ్యలేదు.