సింగ్‌నగర్ వంటింట్లో పదకొండేళ్ళ ఫిల్టర్

2015 సంక్రాంతి వెళ్ళిన వారానికి బెజవాడ వన్‌టౌన్‌లో ఒక స్టీలు సామాన్ల కొట్లో నాలుగొందల ఎనభై ఇచ్చి కొన్న కాఫీ ఫిల్టర్ ఇది. ఏ కంపెనీదో తెలీదు. అడుగున ఏదో నంబరు కొట్టి ఉంది, అంతే. ఆరు కప్పులదన్నాడు కొట్టాయన. మా లెక్కలో మూడున్నర, ఎందుకంటే మా అమ్మది తెనాలి, ఆవిడ గ్లాసు చూస్తే కప్పులు సిగ్గుపడాలి. ఈ పదకొండేళ్ళలో ఇంటికొచ్చి పోయిన కాఫీ సామాన్లు చాలానే ఉన్నాయి. పొద్దున్నే అయిదున్నరకి చెయ్యి వెళ్ళేది మాత్రం దీని మీదికే.

ముందు చెడే చెబుతాను. మొదటి ఆర్నెల్లూ దీన్ని తిట్టుకోని రోజు లేదు. ఒకరోజు నీళ్ళు పోసిన అయిదు నిమిషాలకే మొత్తం దిగిపోయేది, కుడితి నీళ్ళలా. మర్నాడు అదే పొడి, అవే నీళ్ళు, గంటైనా కింద గిన్నెలో రెండు చెంచాలుండేవి కావు. ఆఫీసుకి టైమైపోతుంటే దాని ముందు నిలబడి మూత తీయడం, పెట్టడం, మళ్ళీ తీయడం. "ఒరేయ్, నీ మొహం చూసి దిగదురా అది, వెళ్ళి స్నానం చెయ్యి" అనేది అమ్మ.

దిగకపోవడానికి సగం సార్లు కారణం గాలి. పొడి వేసే పై గిన్నెకి అడుగున సన్న కన్నాలుంటాయి, అది కింది గిన్నెలో బిగుతుగా కూర్చుంటుంది. చుక్క కిందికి రావాలంటే కింద ఉన్న గాలి ఎటో పోవాలి కదా. పోయే సందు లేకపోతే చుక్క అక్కడే ఆగుతుంది. పై గిన్నెని కొంచెం ఎత్తి వదిలితే చాలు, టపటపమని మొదలవుతుంది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఒకసారి విసుగొచ్చి మొత్తం సింకులో పారబోద్దామని పైకెత్తాను, అప్పుడు దిగింది.

దీనికే తిరగేసిన వేషం ఇంకోటుంది. డికాషన్ చల్లారాక ఒక్కోసారి రెండు గిన్నెలూ ఊడిరావు. లోపలి ఆవిరి చల్లబడి పట్టేస్తుంది. బలం పెట్టి మెలితిప్పి ఒకసారి వంటింటి గోడంతా చల్లాను, ఆ మరక ఇంటికి రంగులు వేయించేదాకా అలాగే ఉంది. కింది గిన్నెని వేడినీళ్ళలో ఒక నిమిషం నిలబెడితే మెత్తగా ఊడొస్తుంది. బలంతో పని లేదు.

ఇక కన్నాలు. నెలకోసారి పై గిన్నెని ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూస్తాను. రోజూ తోమినా సరే, ఒక పక్క కన్నాల్లోంచి వెలుగు రాదు. కాఫీలో నూనె ఉంటుంది, ఆ నూనెతో సన్నటి పొడి కన్నంలో మైనంలా అతుక్కుంటుంది. సూదితో పొడిచి పొడిచి కొన్ని కన్నాలు పెద్దవి చేసుకున్నాను, ఆ తప్పు మీరు చేయకండి. మా వీధిలో ఒక పెద్దావిడ చెప్పిన చిట్కా వేరు. గిన్నె బాగా ఆరాక పట్టకారుతో పట్టుకుని అడుగుభాగం గ్యాస్ మంట మీద పెట్టాలి. నిమిషంలో కన్నాల్లో ఇరుక్కున్న పొడి ఒక్కొక్కటే నిప్పురవ్వలా ఎర్రబడి ఆరిపోతుంది. చల్లారనిచ్చి గట్టు మీద బోర్లించి తడితే బూడిద రాలుతుంది. స్టీలు కాస్త నీలం తిరుగుతుంది, దాంతో నష్టమేమీ లేదు.

ఈ వైద్యం ఇత్తడి ఫిల్టరుకి చేయకూడదు. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడిది ఒకటి మా ఇంట్లోనే ఉంది. లోపల కళాయి వేసిన తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది, మంట మీద పెడితే ఉన్న కళాయి కాస్తా పోతుంది. మాదానికి ఎప్పుడో పోయింది. మోజుపడి ఒక వారం వాడాను. కాఫీకి సహజంగానే కొంచెం పులుపుంటుంది, కళాయి లేని ఇత్తడికి పులుపు పడదు. నాలుక మీద నాణెం పెట్టుకున్నట్టుండేది. చింతపండుతో తోమి హాల్లో షోకేసులో పెట్టాం. ఇత్తడి ఫిల్టరులో కాఫీ రుచే వేరు అనేవాళ్ళు ఉన్నారు, ఉండనివ్వండి.

సైజు విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను: ఇంట్లో ఎంతమందున్నారో చూసి కొనండి, చుట్టాల్ని లెక్కేసి కొనకండి. పెద్ద ఫిల్టరులో రెండు చెంచాల పొడి వేస్తే అడుగున పలచటి పొర పడుతుంది, నీళ్ళు దాన్ని పలకరించి వెళ్ళిపోతాయి. పొడి కనీసం వేలెడు మందమైనా ఉండాలి. ఒక త్రాసు కొన్నాక నాకు తేలిన కొలత ఇది: 30 గ్రాముల పొడికి 150 మిల్లీలీటర్ల నీళ్ళు. కింద దొరికేది 90కి అటూ ఇటూ. మిగతాది పొడే తాగేస్తుంది, తన బరువుకి రెట్టింపు. నీళ్ళు తెర్లాక దించి అర నిమిషం ఆగి పోస్తాను. ముందు రెండు చెంచాల నీళ్ళతో పొడి తడిపితే, కొత్త పొడైతే పైకి పొంగుతుంది, పాతదైతే బురదలా పడుంటుంది. లోపల పెట్టే కాడ ఉన్న బిళ్ళని చేత్తో అదమకూడదు, దాని బరువు చాలు.

రెండో డికాషన్ గురించి అమ్మకీ నాకూ ఇంకా రాజీ కుదరలేదు. పన్నెండు మంది ఉన్న ఉమ్మడి కుటుంబంలో అది అవసరం. ముగ్గురున్న ఇంట్లో మళ్ళీ నీళ్ళు పోయడం పొడిని ఉతకడమే. ఆవిడ పోస్తుంది, నేను చూడనట్టు ఊరుకుంటాను.

పొడి దగ్గర నేను మోసపోయింది ఒక్కసారే గానీ, ఆ ఒక్కసారి రెండేళ్ళు సాగింది. బజార్లో ఒక కొట్లో ఎనభై - ఇరవై అని అడిగి తెచ్చేవాణ్ణి, అంటే ఎనభై పాళ్ళు కాఫీ, ఇరవై చికోరీ. డికాషన్ తారులా చిక్కగా దిగేది. అమ్మ రంగు చూసి మురిసిపోయేది. వాసన మాత్రం డబ్బా మూత తీసిన క్షణమే. ఒకరోజు గాజు గ్లాసులో చల్లటి నీళ్ళు తీసుకుని పైన చిటికెడు పొడి చల్లాను. కాఫీ పొడి తేలుతుంది. చికోరీ మునుగుతుంది, మునుగుతూ వెనకాల గోధుమరంగు తోక వదులుతుంది. చూస్తుండగానే సగానికి పైగా గీతలు గీసుకుంటూ అడుగుకి చేరింది. మా ఆవిడ టీ మనిషి, ఆవిడ కూడా వచ్చి చూసి "ఏమండీ, రెండేళ్ళూ మీరు తాగింది వేరా?" అంది.

వేరే. చికోరీ అంటే గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో ఎక్కువగా పండించే ఒక మొక్క వేరు, ఎండబెట్టి వేయించి పొడి కొడతారు. అందులో కెఫీన్ ఉండదు. కలిపి అమ్మే పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, ఏది ఎంతుందో ప్యాకెట్ మీద వేయాలని చట్టం. కాగితప్పొట్లంలో విడిగా కట్టిచ్చే దానికి ప్యాకెట్టేది, రాతేది? అప్పట్నుంచి గింజలు కళ్ళముందు మర పట్టించి, చికోరీ వేరే పొట్లంలో తెచ్చుకుని ఇంట్లో కలుపుకుంటున్నాను. చికోరీ మీద నాకు కోపం లేదు. పదిహేను పాళ్ళు ఉంటే చిక్కదనం వస్తుంది, పాలల్లో కాఫీ నిలబడుతుంది. ముప్పై దాటితే బెల్లం మాడిన వాసన. మర పట్టించేటప్పుడు చెప్పాల్సింది ఒక్కటే: బొంబాయి రవ్వ కంటే సన్నం, గోధుమపిండి కంటే బరక. పిండిలా పట్టిస్తే కన్నాల కథ మళ్ళీ మొదటికొస్తుంది. పావుకిలోకి మించి తేను. పొడి చేశాక వాసన రెండు వారాలు నిలిస్తే గొప్ప.

అరకు కాఫీ గురించి అందరూ అడుగుతారు. మన రాష్ట్రంలో, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటి మీదికి పాకిన మిరియాల తీగల మధ్య పండే పంట. అక్కడ పండేది అరబికా అనే రకం, 2019లో అరకు లోయ అరబికాకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అభిమానంతో ఏడాదిపాటు ఒట్టి అరకు గింజలే వాడాను. పాలు లేకుండా తాగితే దానికి సాటి లేదు, చేదు తక్కువ, చివర్లో పండు పులుపు లాంటిదేదో తగులుతుంది. చిక్కటి పాలల్లో పోస్తే ఆ సున్నితం అంతా మునిగిపోతుంది. చివరికి రెండు వంతులు అరకు, ఒక వంతు రోబస్టా అనే ఇంకో రకం కాఫీ దగ్గర ఆగాను. రోబస్టాలో కెఫీన్ అరబికాకి దాదాపు రెట్టింపు, చేదూ ఎక్కువ, పాలని ఎదిరించి నిలబడుతుంది. మరీ పెంచితే అమ్మ రాత్రి పన్నెండింటికి కూడా భక్తి ఛానల్ ముందే ఉంటుంది.

నీళ్ళ సంగతి ఆలస్యంగా తెలిసింది. మా బోరు నీళ్ళు కాస్తే గిన్నెకి తెల్లగా సున్నం పడుతుంది. ఆ నీళ్ళతో డికాషన్ చప్పగా, మట్టిబారినట్టుంటుంది, ఉన్న కాస్త పులుపునీ ఆ సున్నమే మింగేస్తుంది. పైపులో వచ్చే కృష్ణ నీళ్ళు పట్టుకుని కాస్తే అదే పొడి మనిషిలా మాట్లాడుతుంది.

పాలు ఫుల్ క్రీమే, అంటే 6 శాతం వెన్న ఉన్నవి. ఒకసారి పొంగనిచ్చి వెంటనే కలుపుతాను. మళ్ళీ మళ్ళీ కాచిన పాలతో మీగడ వాసన తప్ప కాఫీ వాసన రాదు. డికాషన్ని మాత్రం పొయ్యి మీద పెట్టను, పాల వేడే దానికి చాలు. మే నెలలో మాత్రం జాగ్రత్త. బెజవాడ ఎండకి పాలు పైకి బాగానే ఉన్నట్టుంటాయి, డికాషన్ పోయగానే పుటుక్కున విరుగుతాయి. రాత్రి దించిన డికాషన్ కూడా గట్టు మీద ఉంచితే తెల్లారేసరికి పులిసిన వాసన. ఎండాకాలం నాలుగు నెలలూ అది ఫ్రిజ్‌లోకే.

మిగతా సామాన్ల గురించి రెండు ముక్కలు. పొడిని వేడినీళ్ళలో నానబెట్టి జల్లెడతో కిందికి నొక్కే గాజు ఫ్రెంచ్ ప్రెస్‌తో వచ్చేది నల్ల కాఫీకి బాగుంటుంది, మన పాలకి ఆననంత పలచన. పైగా మూడో నెలలో సింకులో పగిలింది. పొయ్యి మీద పెట్టే మోకా పాట్ నిజంగా మంచిది, అయిదారు నిమిషాల్లో చిక్కటి డికాషన్ ఇస్తుంది. మంట ఎక్కువైతే మాడు వాసన, పక్కన నిలబడాలి. టైము లేని మనిషికి ఫిల్టర్ కన్నా అదే నయమని ఒప్పుకుంటాను. కరెంటు కాఫీ మెషీన్ ఒకటి మా బావమరిది బహుమతిగా ఇచ్చాడు. ఇన్‌స్టంట్ పొడి చుట్టాలొచ్చినప్పుడు ఆదుకుంటుంది. పసుపుకి పేరుపడ్డ మన దుగ్గిరాల దగ్గరే పెద్ద ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ ఉంది, అక్కడి సరుకు విదేశాలకి వెళ్తుందని చెబితే మా చుట్టాలు నమ్మరు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున్నే బుడమేరు వాగు నీళ్ళు మా వీధిలోకొచ్చాయి. మాది కింది వాటా. మధ్యాహ్నానికి నడుము లోతు, సాయంత్రానికి వంటింటి గట్టు మునిగింది. పైన ఇంటివాళ్ళ దగ్గర అయిదు రోజులున్నాం. పడవలో వచ్చిన పాల ప్యాకెట్లు పసిపిల్లలున్న ఇళ్ళకి ఇచ్చేవాళ్ళు, అదే న్యాయం. డాబా మీద ఇంటాయన ఇన్‌స్టంట్ పొడి వేడినీళ్ళలో కలిపి ఇస్తే, జన్మలో నల్ల కాఫీ ముట్టని అమ్మ మారుమాట్లాడకుండా తాగింది.

నీళ్ళు తీశాక కిందికొస్తే ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. మిక్సీ, గ్రైండరు, బావమరిది మెషీన్, అన్నీ పోయాయి. ఫిల్టర్ సింకు కింద బురదలో సగం కూరుకుని దొరికింది. కన్నాలన్నీ సిల్టుతో మూసుకుపోయాయి. మూడుసార్లు తోమి, సోడా వేసి అరగంట మరిగించి, మంట మీద కాల్చి, ట్యూబ్‌లైటు లేదు గనక ఎండకి ఎత్తి చూశాను. ఆ వారం మా వంటింట్లో మొదట పని మొదలుపెట్టిన వస్తువు అదే. కింది గిన్నెకి అప్పుడు పడ్డ సొట్ట ఇప్పటికీ ఉంది, దానివల్ల పై గిన్నె కాస్త వదులుగా కూర్చుంటోంది. గాలి ఆడుతోంది కాబోలు, అప్పట్నుంచి ఎత్తి వదలాల్సిన పనే రాలేదు.

అయిదుకి ఎన్నిస్తావంటే నాలుగు. ఒకటి గోడ మీద మరకకి కోశాను.

అమ్మ ఊరెళ్ళినప్పుడు నా ఒక్కడికీ పనికొస్తుందని పోయిన నెల రెండు కప్పులది ఇంకోటి కొన్నాను. దాని కన్నాలు మరీ సన్నం, మొదటి వారం నుంచే మొరాయిస్తోంది. అమ్మ దాన్ని చూసి చూసి, తోమి, తుడిచి, అందులో యాలకులు పోసుకుంది.