పాలకొల్లు కాలువ నుంచి అంతర్వేది దాకా: ఒక వెదురు కర్ర, నాలుగు నీళ్లు

మనిషికి 3,500 రూపాయలు తీసుకుని, పెదవి అంతకుముందే చిరిగి ఉన్న బొచ్చె చేపను చేతికిచ్చి ఫోటో తీసి పంపిన చేపల చెరువు గురించి ముందుగా రాస్తాను. సంక్రాంతి సెలవుల్లో గోదావరి జిల్లాలకు వచ్చి గాలం వేద్దామనుకునే కుటుంబాలు అలాంటి చోట్లకే ముందుగా ఫోన్ చేస్తున్నాయి, మేమూ అదే పని చేశాం. ఆ ఒక్క రోజును పక్కన పెడితే, 2024 జనవరి 17 నుంచి 20 వరకు మేము తిరిగిన మిగతా మూడు రోజులు నా జీవితంలో మరిచిపోలేనివి.

మేము నలుగురం: మా నాన్నగారు, రాజమండ్రిలో ఉండే మా బావగారు, పన్నెండేళ్ల మా మేనల్లుడు, నేను. నాన్నగారు పాలకొల్లు దగ్గర కాలువ గట్టున పెరిగిన మనిషి. బావగారికి పెద్ద చేప పట్టి ఫోటో దిగాలన్న కోరిక చాలాకాలంగా ఉంది. ఆ కోరిక తప్పని నేను అనను, కానీ దాని మీద వ్యాపారం చేసేవాళ్లు ఎలా ఉంటారో 18వ తేదీన చూశాం.

భీమవరం వైపు అరగంట ప్రయాణంలో ఉన్న ఆ చేపల చెరువు యజమాని, ఆరు గంటల పాటు గాలం వేసుకోవచ్చనీ, పది కిలోలకు తక్కువ కాని బొచ్చెలు తప్పకుండా పడతాయనీ ఫోన్‌లో మాట ఇచ్చి, 2,000 రూపాయలు ముందుగానే వేయించుకున్నాడు. తెల్లవారి ఆరింటికి మేము గట్టు మీదకు చేరేసరికి, నీళ్లంతా చిక్కటి ఆకుపచ్చగా ఉండి, చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలి గాలి మింగుతున్నాయి. రాత్రంతా నీటిలోని ప్రాణవాయువును నాచు కూడా వాడుకోవడం వల్ల, ఎక్కువ చేపలు వదిలిన చెరువుల్లో తెల్లవారుజామున అలా జరుగుతుంది. నాన్నగారు ఆ నీటి వంక ఒక్క నిమిషం చూసి, ఇక్కడ నేను గాలం పట్టను అని చెప్పి, కొబ్బరి చెట్టు కింద కూర్చున్నారు. ఆరు గంటల్లో ఆయన అక్కడి నుంచి కదలలేదు.

ఇచ్చిన మూడు కర్రల్లో రెండింటికి దారం చుట్టే చక్రం తిరగదు. ఎర విడిగా కొనాలి, తవుడు ముద్దలు పొట్లం 150 రూపాయలు. మొదటి రెండు గంటల్లో పడినవన్నీ రూప్‌చంద్, ఫంగస్ (పంగాసియస్) రకం చేపలే. అవి చెడ్డ చేపలు కావు, కానీ వాటి కోసం మేము డబ్బు కట్టలేదు. తరువాత బావగారికి ఒక బొచ్చె పడింది. ఆయన ఆనందం చూసి నేనూ పరుగున వెళ్లాను. చేపను తడి గోనె మీద పడుకోబెట్టి దవడ పట్టుకుని చూస్తే, పై పెదవికి మూడు పాత గాట్లున్నాయి. ఒకటి మానిపోయి తెల్లగా గట్టిపడింది, ఒకటి ఇంకా ఎర్రగా ఉంది, మూడో చోట పెదవి అంచు తెగి వేలాడుతోంది. మొప్ప దగ్గర పొలుసులు రాలిపోయాయి. ఎంతమంది చేతుల్లో ఎన్నిసార్లు ఫోటోకు నిలబడిందో ఆ చేప. మా వాడు దాన్ని చూసి, మావయ్యా, దీనికి నొప్పి పుట్టదా, వదిలేద్దాం అన్నాడు.

వదలడానికి ముందు అక్కడి పనివాడు కాటా మీద పెట్టి తొమ్మిది కిలోలని చెప్పాడు. నాన్నగారి సంచిలో ఎప్పుడూ ఉండే స్ప్రింగు తూకంతో మేము మళ్లీ తూచితే అయిదు కిలోల ఎనిమిది వందల గ్రాములు వచ్చింది. ఆ సంగతి అడిగితే యజమాని, మీ తూకం పాడైందని గట్టిగా అరిచాడు. చేపను తీసుకెళ్లాలంటే కిలో 350 రూపాయలు కట్టాలన్నాడు. ఆ వారం పాలకొల్లు బజారులో అదే బొచ్చె కిలో 180 రూపాయలకు దొరికింది. ముగ్గురికి 10,500, ఎరకు 600, అన్నీ కలిపి 11,100 రూపాయలు అయ్యాయి. పది కిలోల మాట ఏమైందని అడిగితే రూపాయి కూడా వెనక్కి రాలేదు. తిరుగు ప్రయాణంలో బావగారు ఒక్క మాట మాట్లాడలేదు.

అలాంటి చోటికి వెళ్లవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. వెళ్లాలనుకునేవారు తెల్లవారుజామున ఒకసారి వెళ్లి నీళ్లు చూసి, చేపలు పైకి తేలి గాలి మింగుతుంటే అక్కడి నుంచే వెనక్కి తిరగాలని, డబ్బు ముందుగా పంపకూడదని మాత్రం గట్టిగా చెబుతాను.

అంతకు ముందు రోజు, అంటే ముక్కనుమ నాడు, మేము పెట్టిన ఖర్చు మొత్తం 190 రూపాయలు. పాలకొల్లు బజారులో వెదురు కర్ర 80, నైలాన్ దారం 40, పది చిన్న గాలాలు 30, సీసం గుళ్లు 20, దారిలో టీలు 20. నాన్నగారు ఇంట్లో ఉన్న నెమలి ఈక కాడను వేలెడు పొడవున కోసి, నీటి మీద తేలే బెండుగా కట్టారు. ఎర్రలను (వానపాములను) అరటి చెట్టు మొదట్లో మా వాడే తవ్వి తీశాడు. దాళ్వా (రెండో పంట వరి) నాట్ల కోసం కాలువల్లో నీళ్లు నిండుగా పారుతున్నాయి. కల్వర్టు దగ్గర, నీడ పడిన చోట, నీళ్లు సుడి తిరిగి నెమ్మదించే మూలలో కూర్చున్నాం.

బెండును చూసి కింద ఏ చేప ఉందో చెప్పడం నాన్నగారి దగ్గర ఆ రోజు నేర్చుకున్నాను. పరిగె అయితే బెండు రెండుసార్లు వణికి, పక్కకు పడుకుంటుంది. జెల్ల అయితే ఏ హెచ్చరికా లేకుండా నిలువునా మునిగిపోతుంది. చైనా గొరక (తిలాపియా) అయితే అడ్డంగా గట్టు వైపు లాక్కుపోతుంది. పదింటిలోపు మూడు రకాల నడకలూ కళ్లారా చూశాం. జెల్లను గాలం నుంచి విప్పేటప్పుడు మాత్రం వీపు మీద, రెండు చెంపల దగ్గర ఉండే ముళ్లను తప్పించి, తడిగుడ్డతో పట్టుకోవాలి. నేను ఆ మాట వినకుండా పట్టుకున్నందుకు సాయంత్రం దాకా బొటనవేలు సలిపింది. చేదుపరిగె ఒకటి పడితే నాన్నగారు మా వాడికి చూపించి నీళ్లలోకే వదిలేశారు. తమ చిన్నప్పుడు వేసవిలో కాలువలు కట్టేశాక మడుగుల్లో మిగిలిన చేపలను ఊరంతా కలిసి ఎలా పట్టేవారో, ఆ మడుగుల్లో వాలుగలు ఎంతుండేవో ఆయన చెబుతుంటే, బావగారు ఫోన్ జేబులో పెట్టి విన్నారు. ఆ రోజు పడిన చేపల్లో ఏదీ జానెడు మించలేదు.

చెరువు దగ్గర మేము దెబ్బతిన్న మరునాడు, 19న, చించినాడ వంతెన దాటి దిండి వైపు వెళ్లాం. అక్కడ హౌస్‌బోట్లు ఉన్నాయి గానీ, గాలం వేయడానికి అవి పనికిరావని నా అభిప్రాయం, ఎందుకంటే వాటి ఇంజను మోతకు చేప దగ్గరకు రాదు. ఒడ్డున ఒక మత్స్యకారుడిని అడిగితే, తన చిన్న నావలో మధ్యాహ్నం దాకా తిప్పడానికి 1,500 రూపాయలకు ఒప్పుకుని, బతికిన రొయ్యలు కూడా తనే తెచ్చాడు. ముందుగా డబ్బు అడగలేదు, పెద్ద చేపలు పడతాయని చెప్పనూ లేదు.

"నిన్న అష్టమి కదండీ, నీరు పెద్దగా కదలదండి. పున్నానికి రండి బాబుగారూ, అప్పుడు పండుగప్ప ఆడుద్దండి" అన్నాడు. అమావాస్యకూ, పున్నమికీ పోటు బలంగా ఉండి, నడుమ అష్టమి రోజుల్లో తగ్గుతుందని పుస్తకాల్లో చదివాను గానీ, నావలో కూర్చుని, లంగరు తాడు వదులుగా వేలాడడం చూసినప్పుడే ఆ మాటకు అర్థం తెలిసింది. రొయ్యను తల దగ్గర గుచ్చితే చచ్చిపోతుందనీ, తోకకు కాస్త ముందు పలచగా గుచ్చితే అది ఈదుతూనే ఉండి చేపను పిలుస్తుందనీ అతడు మా వాడి చేతికి గాలం ఇచ్చి నేర్పించాడు.

గోదావరి పాయ వశిష్ఠలో కొయ్యింగలు మా చుట్టూ ఎగిరి పడుతూనే ఉన్నాయి, ఒక్కటి కూడా ఎర ముట్టలేదు. అవి బురద మీద నాచు తినే చేపలు కాబట్టి రొయ్య వాటికి పట్టదు. ఇసుక మేట పక్కన ఒక ఇసుకదొందు, లోతులో రెండు ఏటి జెల్లలు పడ్డాయి. పదకొండింటికి, నీరు కాస్త వెనక్కి లాగడం మొదలైన పావుగంటలో, బావగారి దారం ఒక్కసారిగా బిగుసుకుంది. నాలుగు వందల గ్రాముల పండుగప్ప. వెండి పొలుసుల మీద ఎండ పడి, కన్ను కెంపులా మెరిసింది. బావగారు దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసి, తనే వంగి నీళ్లలోకి వదిలారు. ఈ చేప మొదట మగదిగా ఉండి, బాగా పెరిగాకే ఆడదిగా మారుతుంది కాబట్టి గుడ్లు పెట్టేవి పెద్దవే. పెద్ద చేపల కోసమే వెంటపడే సరదా నదికి ఎంత నష్టమో ఆ ఒక్క సంగతే చెబుతుంది.

జనవరిలో గోదావరి మీదికి వెళ్లి వచ్చామంటే బంధువులందరూ పులస పట్టారా అనే అడిగారు. పులస వరద నీటిలో ఆషాఢ శ్రావణాల్లో సముద్రం నుంచి ఎదురెక్కే చేప, దాన్ని పడవల మీద వలలతో పడతారు, గాలానికి కాదు. ఆ పేరు ప్రతిష్ఠల నీడలో గోదావరిలోని మిగతా చేపలన్నీ అనామకంగా ఉండిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

నావ దిగాక అతడి ఇంట్లోనే భోజనం చేశాం, మనిషికి 120 రూపాయలు. జనవరి కావడంతో చెట్టు మీది పచ్చి చింతకాయలను దంచి, ఆ పులుపుతో అతడి భార్య చిన్న చేపల పులుసు పెట్టింది. చేపలను కడగడానికి రాతి ఉప్పు వేసి మట్టి చట్టిలో గరగరా రుద్దడం, పులుసు కాగేటప్పుడు గరిటె పెట్టకుండా చట్టిని రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పడం మా వాడు పొయ్యి పక్కనే కూర్చుని చూశాడు. నాన్నగారు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. నేను హైదరాబాదులో ఏ హోటల్లోనూ ఆ రుచి ఎరగను.

సాయంత్రం అంతర్వేదిలో స్వామి దర్శనం చేసుకుని, నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఇసుకలో గంటసేపు గాలం వేశాం. రెండు సముద్రపు జెల్లలు పడ్డాయి, ఎర సగం పీతలు తిన్నాయి. సఖినేటిపల్లి దగ్గర పంటు (వాహనాలను దాటించే పడవ) మీద కారు ఎక్కించి, నది దాటి నరసాపురం చేరాం. అక్కడి లాడ్జిలో గది 1,200 రూపాయలు, శుభ్రంగానే ఉంది. మాఘమాసంలో కల్యాణోత్సవాల రోజుల్లో అయితే ఆ చుట్టుపక్కల గదులు దొరకడం కష్టం.

చివరి రోజు ఉదయం వరి చేల మధ్య మురుగు బోదె (చేల నీరు బయటకు పోయే చిన్న కాలువ) దగ్గరకు వెళ్లాం. ఊరి చెరువులను పంచాయతీ వేలం పాట పెడుతుంది కనుక, పాడుకున్నవారిని అడగకుండా చెరువులో గాలం వేయకూడదు. బోదె దగ్గరైనా మేము చేను గల రైతును అడిగే కూర్చున్నాం. తూటి కాడల మధ్య అరచేతి మందం ఖాళీ ఉన్న చోట, సీసం లేకుండా ఎర్రను మెల్లగా దించాలి. గొరకలు నాలుగు, మట్టగిడస ఒకటి, ఎవరూ ఊహించని విధంగా ఒక బొమ్మిడాయి పడ్డాయి. గొరకను గట్టు మీద వదిలితే మొప్ప రేకులను నేలకు ఆనించి, పక్కకు ఒరుగుతూ తిరిగి నీటి వైపు పాకింది. మా వాడు దాని వెంట మోకాళ్ల మీద నడిచాడు. బావగారు మరో గంట ఉందామని అడిగారు, ఉన్నాం.

చెరువులో పడినవి వదిలేస్తే, మూడు రోజుల్లో మా వాడి నోట్‌బుక్‌లో పదకొండు రకాల పేర్లు చేరాయి. ఏదీ అరకిలో దాటలేదు. బయలుదేరేటప్పుడు ఆ 80 రూపాయల వెదురు కర్రను వదిలిరానని వాడు పట్టుబట్టాడు. కారులో పట్టక, కిటికీ అద్దం దించి కొనను బయటకు పెట్టాం. రాజమండ్రి దాకా వాడు దాన్ని ఒక చేత్తో పట్టుకునే కూర్చున్నాడు.