హైబ్రిడ్ కారా, మామూలు పెట్రోలు కారా?

హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజన్‌తోపాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్న కారు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో దానిదే పైచేయి. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిలో కొంత బ్యాటరీకి చేరుతుంది; సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగినా ఏసీ నడుస్తూనే ఉంటుంది. విజయవాడ రహదారి ఎక్కాక బ్రేకుతో పని తక్కువ, లాభమూ తక్కువే.

మరి ధర? రెండింటికీ తేడా 2.5 లక్షలు, పెట్రోలు కారు మైలేజీ 14, హైబ్రిడ్‌ది 21, లీటరు 105 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే మిగిలేది 25,000. అంటే పెట్టిన డబ్బు రావడానికి పదేళ్లు! రోజుకు 80 కిలోమీటర్లు తిరిగేవారికైతే మూడున్నరేళ్లు చాలు.

డిక్కీ సంగతీ చూసుకోవాలి. మారుతి వారి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లో బ్యాటరీ అక్కడే చోటు తినేస్తుంది. సంక్రాంతికి ఊరినుంచి బియ్యం బస్తా, పచ్చడి జాడీలు తెచ్చుకునే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

హైబ్రిడ్ అయినా పెట్రోలు అయినా, చాలా కొత్త కార్లలో ఉన్న తలనొప్పి టచ్‌స్క్రీన్. పాత కారులో ఏసీ తగ్గించాలంటే చూడకుండానే మీట తిప్పేవాణ్ణి. ఇప్పుడు గతుకులో వేలు జారి రేడియో మోగుతోంది.

నా తిరుగుడు రోజుకు పాతిక కిలోమీటర్లే. పెట్రోలు కారే కొంటాను, అదీ మీటలున్నది దొరికితే.