అడ్డం ఒకటి, నిలువు ఒకటి: ఏరు దాటించే డిష్ రేడియోలో నాకు నచ్చిన ఆ ఒక్క పేజీ

స్పీడెంత, రేంజెంత అనేవి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి వెళ్ళను. ఇంటర్నెట్‌ని గాలిలో అవతలి ఒడ్డుకి చేరవేసే డిష్ రేడియోలు ఇవి, పనిచేసేది ఐదు గిగాహెర్ట్జ్‌లో, డిష్ లాభం (సిగ్నల్‌ని ఒక వైపుకి కూడగట్టే బలం) 25 డీబీఐ, రెండు పక్కలా ఒకే మోడల్. సఖినేటిపల్లి వైపు ఒక డాబా, నర్సాపురం వైపు ఇంకో డాబా, మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ, మొత్తం ఐదు కిలోమీటర్లు. ఇన్నాళ్ళు వాడాక దీన్ని వదలబుద్ధి కాకపోవడానికి కారణం ఒక్కటే. రేడియో సెట్టింగుల్లోని సిగ్నల్ పేజీలో అడ్డంగా ఊగే తరంగానికి (అడ్డం పోలరైజేషన్) ఒక అంకె, నిలువుగా ఊగేదానికి ఒక అంకె విడివిడిగా చూపిస్తుంది. చవక రకాలు రెండూ కలిపి ఒకే అంకె ఇస్తాయి. కొన్నింటికి అదీ లేదు, నాలుగు లైట్లే. నాలుగూ వెలిగాయి కదా అని స్పానర్ జేబులో పెట్టుకుని దిగిపోయిన లింకులు ఈ డెల్టాలో కోకొల్లలు.

ఈ అంకెల వల్ల ఉపయోగం ఉండాలంటే పైకెక్కే ముందే ఎంత రావాలో తెలిసి ఉండాలి. 5725 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు, కానీ డిష్ లాభం కలుపుకుని బయటికెళ్ళే బలం 36 డీబీఎం దాటకూడదు. అంటే 25 డీబీఐ డిష్‌కి రేడియో పవరు 11 దగ్గర పెట్టాలి. ఐదు కిలోమీటర్లకి గాలిలో పోయేది దాదాపు 122 డీబీ. 36లోంచి 122 తీసేసి, అవతలి డిష్ 25 కలిపితే మైనస్ 61 (మైనస్ అంకె సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం). ఒకటి రెండు అటూ ఇటూ అయితే సరే. మైనస్ 78 వచ్చిందంటే మాత్రం పవరు పెంచి సర్దుకోవద్దు, అది దాదాపు ఎప్పుడూ పక్క లోబ్ (అసలు కిరణం పక్కన ఉండే బలహీనమైన కిరణం) మీద కూర్చున్న డిష్షే.

తిప్పేటప్పుడు ఆటో పవర్ ఆపెయ్యాలి. లేకపోతే మనం డిష్ తప్పిస్తుంటే అవతలి రేడియో పవరు పెంచుకుంటూ పోతుంది, అంకె కదలదు. ఛానల్ 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించుకుని, ఒక పక్క కదలకుండా ఉంచి రెండో పక్క తిప్పాలి. కుడికి పదిహేను డిగ్రీలు, ఎడమకి పదిహేను, మొత్తం జల్లెడ పట్టాలి. శిఖరం తగలగానే ఆగిపోకూడదు, అది దాటి కిందికి దిగి, మళ్ళీ లేస్తుందేమో చూడాలి. పక్క లోబ్ అసలు దానికంటే పదిహేను, ఇరవై డీబీ తక్కువ ఉంటుంది కాబట్టి రెండూ చూశాక మోసపోయే అవకాశం లేదు. పేజీలో అంకె కొన్ని సెకన్ల సగటు, అందుకని కాస్త కదిపి, ఐదు లెక్కపెట్టి, అప్పుడు చదవాలి. నట్టు బిగించేటప్పుడు ఒకటి రెండు డీబీ జారుతుంది. ఒక పక్కే బిగించేయకుండా అటో పావు తిప్పు, ఇటో పావు తిప్పు.

ఇక రెండు అంకెల సంగతి. రెంటి మధ్య తేడా మూడు డీబీ లోపుంటే పట్టించుకోనక్కర్లేదు. ఒకటి మైనస్ 61, రెండోది మైనస్ 70 ఉంటే గురి ఒక్కటే కారణం కాదు. వాన వెలిశాక రెండు రోజులైనా ఒకే అంకె కింద ఉంటే డిష్ వెనక కనెక్టర్లో నీరు చేరింది. రెండూ కలిసి పడి, ఎండ రాగానే రెండూ కలిసి లేస్తే దారిలో తడిసిన కొబ్బరి మట్టలు. వాన సొంతంగా తినేది ఈ ఫ్రీక్వెన్సీలో తక్కువే, మామూలు జల్లుకి ఐదు కిలోమీటర్ల మీద ఒక డీబీ కూడా పోదు. "వాన కదండీ, అంతే" అనే మాట గిగాహెర్ట్జ్‌ల సంగతి తెలిసినవాళ్ళెవరూ అనకూడదు.

మొదట్లో ఈ లింకు మైనస్ 61, 62 చూపిస్తూ నిక్షేపంగా ఉండేది. ఆ తర్వాత కొన్ని రోజుల్లో, రోజుకు రెండుసార్లు, గంటకు కాస్త అటూ ఇటూగా కూలిపోవడం మొదలైంది. కరెంటు లేదా, కేబుల్ మీదే కరెంటు పంపే పోఈ అడాప్టర్ వేడెక్కిందా, ఎవరైనా కొత్త రేడియో పెట్టారా, మామూలుగా వచ్చే అనుమానాలే. అయితే కరెంటూ వేడీ గడియారాన్ని బట్టి నడుస్తాయి. ఈ పడిపోవడం మాత్రం ప్రతి రోజూ ముందు రోజు కంటే దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తోంది. అమావాస్య, పౌర్ణమి దాపుల్లో ఘోరంగా, అష్టమి రోజుల్లో అసలు లేకుండా. రేవులో పంటు నడిపేవాళ్ళకి ఈ లెక్క చెప్పనక్కర్లేదు, అది నీరు సముద్రంలోకి తీసే పాటు వేళ.

అప్పుడు రెండు అంకెలూ అసలు గుట్టు విప్పాయి. నీరు బాగా తగ్గినప్పుడు అడ్డం అంకె మైనస్ 82కి, నిలువు మైనస్ 74కి. రెండూ పడుతున్నాయి కాబట్టి కనెక్టర్ కాదు. అడ్డం ఎక్కువ పడుతోంది కాబట్టి చెట్టూ కాదు. ఏటి నీరు అద్దంలా పనిచేసి, సిగ్నల్ నేరుగా వచ్చేది ఒకటి, నీటి మీద తగిలి వచ్చేది ఒకటి, రెండూ ఎదురెదురై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఇంత పల్చటి కోణంలో, అర డిగ్రీ కూడా లేని చోట, అడ్డం తరంగం దాదాపు పూర్తిగా తిరిగొస్తుంది, నిలువు కొంచెం తగ్గి వస్తుంది. అందుకే అడ్డం అంకెలో గుంట (సిగ్నల్ పడిపోయే చోటు) ఎక్కువ లోతు. ఈ కోణంలో అర మీటరు అలలున్నా నీరు అద్దమే. గాలి లేస్తే తగ్గుతుందని ఎదురుచూడటం దండగ.

లెక్క చిన్నదే. రెండు డిష్‌ల ఎత్తునీ గుణించి, రెట్టింపు చేసి, దూరంతో భాగిస్తే నేరు దారికీ నీటి దారికీ తేడా వస్తుంది. ఎత్తు నీటి మట్టం నుంచి కొలవాలి, డాబా నుంచి కాదు. పాటు వేళ రెండు పక్కలా 20 మీటర్లు, దూరం 5000, తేడా 16 సెంటీమీటర్లు. 5.8 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 5.17 సెంటీమీటర్లు, అంటే తేడా మూడు తరంగాల పొడవుకి కాస్త ఎక్కువ. నీటి మీద తగిలినప్పుడు తరంగం తిరగబడుతుంది కాబట్టి పూర్ణ సంఖ్య వచ్చిన చోటే గుంట. పోటుకి నీరు మీటరు లేస్తే ఆ సంఖ్య 2.8కి దిగుతుంది, లింకు లేస్తుంది. నీరు తీసేటప్పుడు మూడు మీదుగా వెళ్ళి పడుతుంది. అష్టమి రోజుల్లో పాటు అంత లోతుకి పోదు, కాబట్టి మూడు దాకా చేరదు.

మందు ఏమిటంటే పైపు ఎత్తు పెంచడం కాదు, ఒక పక్క డిష్‌ని మూడు మీటర్లు కిందికి దించడం. 20, 17 అయ్యాయి. ఆ సంఖ్య పాటులో 2.63, పోటులో 2.35, రెండూ రెండున్నర దగ్గరే, అంటే రెండు తరంగాలూ కలిసొచ్చే శిఖరానికి అటూ ఇటూ. లింకు మైనస్ 56, 57కి వచ్చి నిలబడింది, పోటూ పాటూ దానికి ఒకటే. దించే ముందు దారి కింద చెట్లు చూసుకోవాలి. ఈ దూరానికి మధ్యలో ఫ్రెనెల్ జోన్ (నేరు గీత చుట్టూ సిగ్నల్ పరుచుకునే చోటు) వ్యాసార్థం ఎనిమిది మీటర్లు, అందులో అరవై శాతం, అంటే దాదాపు ఐదు మీటర్లు, కొబ్బరి తలలకి పైన ఖాళీ ఉండాలి. డిష్‌ని ఆకాశం వైపు కాస్త వాల్చితే నీటి ప్రతిబింబం పోతుందని కొందరంటారు. అర డిగ్రీ తేడాని ఎనిమిది, పది డిగ్రీల వెడల్పున్న కిరణం విడదీయలేదు.

ఇంత పొగిడాక కొన్ని చెప్పక తప్పదు. మైనస్ 56 అనేది లెక్క ప్రకారం రావలసిన 61 కంటే ఐదు డీబీ ఎక్కువ, అది నీరు ఇచ్చిన అప్పు. వరదకి నీరు పాటు మట్టం కంటే రెండున్నర మీటర్లు లేస్తే ఆ సంఖ్య రెండు దగ్గరికి పోతుంది, మళ్ళీ గుంట. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక, 17 లక్షల క్యూసెక్కులు, ఎగిరిన రోజుల్లో ఈ లింకు మీద నమ్మకం పెట్టుకోను. మొబైల్ యాప్‌లో కనిపించే క్వాలిటీ శాతం పనికిరాదు, 90 శాతం అంటే ఏమిటో ఆ యాప్‌కే తెలియాలి. నాయిస్ ఫ్లోర్ (సిగ్నల్ లేనప్పుడూ ఉండే గోల మట్టం) అంకె కూడా అప్పుడప్పుడూ వచ్చి పోయే గోలని పట్టుకోలేదు. 40 మెగాహెర్ట్జ్‌కి మామూలుగా మైనస్ 92 దగ్గర ఉండాలి, పేజీలో అదే చూపిస్తూ రేటు మాత్రం సగానికి పడిపోతే అంకెని పక్కనపెట్టి ఛానల్ మార్చి చూడాలి. 20కి తగ్గిస్తే మూడు డీబీ ఊరికే కలిసొస్తుంది. ఎవరి పక్క గోల వాళ్ళ పక్కే వినపడుతుంది కాబట్టి రెండు పక్కలా చూడాలి.

ఆ పేజీలో కనపడనిది ఇంకోటి ఉంది, ఉప్పు గాలి. సిగ్నల్ మైనస్ 57, అయినా ఇంట్లో స్పీడు 90 మెగాబిట్లు దాటకపోతే ల్యాన్ పోర్టు 1000 నుంచి 100కి దిగిందేమో చూడండి. కేబుల్ చివరి ఆర్‌జే45 కనెక్టర్ పిన్నులు పచ్చబడితే అదే పని. కేబుల్‌ని రేడియో కింద ఒక చుట్టు కిందికి వేలాడేసి పైకి తీసుకెళ్తే నీరు కనెక్టర్ దాకా రాదు. యూ-బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనాలి, జీఐవి (జింకు పూత ఇనుమువి) తుప్పు పట్టి నట్టు విప్పరాదు. అప్పుడు గురి సరిచెయ్యాలంటే రంపం తేవాలి.

అందరూ ఇదే కొనాలా అంటే చెప్పలేను. కిలోమీటరు లోపు, మధ్యలో నీరు లేని లింకుకి ఇంత అవసరం లేదు, ఒకే అంకె చూపించే చవక ప్యానెల్ చాలు. ఫైబర్ స్తంభం వీధిలో ఉంటే అదీ వద్దు. ఉండి, ఆకివీడు వైపు చేపల చెరువుల మీదుగా వేసేవాళ్ళకి మాత్రం ఉపయోగపడుతుంది. అక్కడ నీటి మట్టం పెద్దగా కదలదు కాబట్టి గుంట వచ్చిపోదు, ఎప్పుడూ ఉంటుంది, చూస్తే గురి తప్పినట్టే అనిపిస్తుంది. డిష్ ఎంత తిప్పినా అడ్డం అంకె నిలువు కంటే ఐదారు డీబీ కిందే ఉండిపోతే స్పానర్ పక్కన పెట్టి, క్లాంపుని పైపు మీద మీటరు మీటరు చొప్పున జరుపుతూ చూడండి.