కొత్త బోరా, ట్యాంకరా, నల్లానా? అపార్ట్‌మెంట్ నీళ్లకు ఏది మేలు?

హైదరాబాద్‌లో ఏప్రిల్ వచ్చిందంటే అపార్ట్‌మెంట్ మీటింగుల్లో మిగతా గొడవలన్నీ పక్కకు పోతాయి, పార్కింగ్ గొడవతో సహా. రెండేళ్ల కిందట మా మీటింగులో మూడు మాటలు వినిపించాయి: ఇంకో బోరు వేద్దాం, ట్యాంకర్లు తెప్పిద్దాం, జలమండలి నల్లా నీళ్లే సరిగ్గా పట్టుకుందాం. మూడో మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. బోరుకే ఓటేశాం. నేనూ చెయ్యెత్తాను.

పాయింట్ పెట్టడానికి వచ్చినాయన అరచేతిలో కొబ్బరికాయతో కాంపౌండ్ అంతా తిరిగాడు. గేటు పక్కన కాయ నిటారుగా లేచింది. అక్కడే వేయించాం. 1,000 అడుగులు దాటినా తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. పై అంతస్తు వాళ్ల బట్టల మీద కూడా అదే పొడి.

తప్పు కొబ్బరికాయది కాదు. మన కాళ్ల కింద ఉన్నది గ్రానైట్. పైన మెత్తబడిన రాయి, దాని కింద గట్టి రాతిలో పగుళ్లు. నీళ్లుండేది ఆ రెండు చోట్లే. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి కాబట్టి ‘ఇంకో రెండొందల అడుగులు పోనిద్దాం’ అనేది లాటరీ టికెట్టే. నీళ్లు పడినా ఖర్చు తప్పదు. వెయ్యి లీటర్లను వంద మీటర్లు పైకి తోడటానికి లెక్క ప్రకారమే పావు యూనిట్ పైన కరెంటు కావాలి. మోటారు, పైపుల నష్టాలు కలిపితే అది రెండు మూడింతలవుతుంది. నీటిమట్టం దిగుతోందని మా పాత బోరు కంటే ముందు కరెంటు బిల్లే చెప్పింది.

ట్యాంకర్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ప్రైవేటు ట్యాంకరంటే చాలాసార్లు శివార్లలో ఇంకొకరి బోరే. మన బోరు ఎండే నెలల్లోనే వాళ్లదీ దిగుతుంది, రేటు పెరుగుతుంది, ఫోను ఎత్తరు. పది రోజుల అవసరానికి సరే.

ఇక నల్లా. మావి 20 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం తీసుకుంటే రోజుకు 10,800, నెలకు 3,24,000 లీటర్లు. 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకం కింద ఫ్లాటుకు నెలకు 20,000 చొప్పున మాకు వచ్చే కోటా 4,00,000 లీటర్లు. మీటరు పనిచేస్తూ ఉండాలి, ఆధార్ లింకు చేయించుకోవాలి, అంతే. అంటే కాగితం మీద మాకు బోరూ వద్దు, ట్యాంకరూ వద్దు!

మరి నీళ్లెందుకు చాలట్లేదు? నల్లా వచ్చేది రోజు విడిచి రోజు, నెలకు పదిహేను సార్లు. వచ్చినప్పుడల్లా 21,600 లీటర్లు పట్టుకోవాలి. మా సంపు 12,000. అది నిండగానే ఫ్లోట్ వాల్వు మూసుకుంటుంది, మిగతా నీళ్లు లైనులోనే ఉండిపోతాయి. ఊళ్లో పాతవాళ్లు నల్లా నీళ్లు ఏవైనా మంజీరా అనే అంటారు గానీ, 2004 నుంచి కృష్ణా, 2015 నుంచి గోదావరి కూడా వస్తున్నాయి. గోదావరైతే ఎల్లంపల్లి నుంచి సుమారు 186 కిలోమీటర్లు నడిచి వస్తుంది. అంత దూరం వచ్చిన నీళ్లకు మా గేటు లోపల చోటు లేదు.

అందుకని నా ఓటు ఇప్పుడు సంపుకే. కాకపోతే తవ్వే ముందు నల్లా వచ్చిన రోజు మొదట్లో ఒకసారి, ఆగాక ఒకసారి మీటరు రీడింగు రాసుకోండి. లైనులో అన్ని నీళ్లు రాకపోతే పెద్ద సంపు కట్టీ లాభం లేదు.

ఎండిన బోరును కూడా వదల్లేదు. చుట్టూ గుంత తవ్వించి, కేసింగుకు రంధ్రాలు కొట్టించి, కంకర నింపించి డాబా మీది వాననీళ్లు అందులోకి మళ్లించాం. 400 చదరపు మీటర్ల డాబా, ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకుంటే 3,20,000 లీటర్లు. ఆవిరయ్యేది, పొంగిపోయేది తీసేస్తే మూడు వారాల వాడకం పైమాటే. ఆ నీళ్లు పగుళ్లలోంచి పక్కింటి బోరులోకీ పోతాయి, పోనివ్వండి.

కొత్త సంపు వల్ల రెండు కార్ల చోటు పోయింది. పార్కింగ్ గొడవ మళ్లీ మొదలైంది.