సుంకి ఘాట్ ఎక్కేవాళ్లకి ఏది మేలు: 1.2 మామూలు పెట్రోలా, 1.0 టర్బోనా?

ఒడిశాలోని జయపురం, కోరాపుట్, సునాబెడ వైపు మనవాళ్లు చిన్న క్రాసోవర్ కొనాలనుకున్నప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే ప్రశ్న, "ఘాట్‌లో మైలేజీ ఎంతిస్తుంది?" మారుతి ఫ్రాంక్స్, టాటా పంచ్, హ్యుందాయ్ ఎక్స్‌టర్, నిస్సాన్ మాగ్నైట్ అని నాలుగు పేర్లు చెబుతారు, అప్పటికే పుణెలోనో ఢిల్లీలోనో ఎవరో నడిపిన వీడియోలు చూసేసి ఉంటారు, ఆ లెక్క మన కొండల్లో ఎందుకు పనికొస్తుందని మళ్లీ వాళ్లే అంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకసారి రాసేస్తే పోతుంది కదా అని రాస్తున్నా. మా ఇంట్లో ఉన్నది ఫ్రాంక్స్ 1.2 మాన్యువల్, అంటే 1.2 లీటర్ల మామూలు పెట్రోలు ఇంజిన్, గేర్లు మనమే వేసుకునేది. మా బావమరిదిది అదే బండి, 1.0 టర్బో మాన్యువల్, అంటే ఇంజిన్ చిన్నదే గానీ దాంట్లోకి గాలిని బలంగా తోసే టర్బో ఉంటుంది. ఇద్దరం జయపురంలోనే ఉంటాం, ఇద్దరం కోరాపుట్, సుంకి ఘాట్, సాలూరు మీదుగా వైజాగ్ దిగుతూ ఉంటాం, కాబట్టి పోల్చడానికి ఇంతకంటే మంచి జత దొరకదు.

కాగితం మీద లెక్కలు మీకు తెలిసినవే. బండ్ల మైలేజీని పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ప్రకారం ఫ్రాంక్స్ 1.2 మాన్యువల్‌కి లీటరుకు 21.79 కిలోమీటర్లు, టర్బో మాన్యువల్‌కి 21.5, పంచ్ మాన్యువల్‌కి 20.09, ఎక్స్‌టర్ మాన్యువల్‌కి 19.4. ఆ పరీక్ష జరిగేది ల్యాబ్‌లో, రోలర్ల మీద, ఏసీ కట్టేసి. అంతా కలిపి ఇరవై నిమిషాల లోపు, పది పదకొండు కిలోమీటర్ల దూరం, ఎంత ముక్కినా 90 దాటని వేగం. అందులో ఎత్తు ఎక్కడం లేదు, వెనక సీట్లో ముగ్గురు లేరు, డిక్కీలో బియ్యం మూట లేదు. అక్కడ రెండు ఇంజిన్లకీ మధ్య తేడా 0.29 మాత్రమే, దాన్ని పట్టుకుని "రెండూ ఒకటేలే" అనుకుంటే మన రోడ్డు మీద లెక్క తప్పుతుంది.

ముందు ఆ ఘాట్ సంగతే చూద్దాం, అందరి భయం దాని గురించే కాబట్టి. సాలూరు సముద్రమట్టానికి దాదాపు 120 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కోరాపుట్ 870 దగ్గర. అంటే సుంకి, పొట్టంగి, సిమిలిగూడ మీదుగా బండిని నికరంగా 750 మీటర్లు పైకి ఎత్తాలి. మనుషులూ సామాన్లూ కలిపి 1300 కిలోల బండిని అంత ఎత్తు లేపడానికి కావలసిన శక్తి 9.5 మెగాజౌళ్ల చిల్లర. ఇప్పుడు దొరికే పెట్రోలు ఒక లీటరులో సుమారు 30 మెగాజౌళ్లు ఉంటే అందులో మూడో వంతు కూడా చక్రాలకు చేరదు, మిగతాదంతా వేడిగా పోతుంది. అలా చూస్తే ఆ ఎత్తు ఎక్కినందుకు అదనంగా ఖర్చయ్యేది లీటరూ, లీటరుంపావు మధ్యలో. అంతే. టర్బో అయినా, మామూలుదయినా, మూడు సిలిండర్లయినా, నాలుగయినా, కొండ అడిగేది దాదాపు అంతే. ఫ్రాంక్స్‌కీ పంచ్‌కీ బరువులో ఉన్న తేడా కూడా ఒక మనిషి ఎక్కినంత, దానివల్ల ఘాట్‌లో పెరిగే ఖర్చు గ్లాసుడు పెట్రోలు కూడా కాదు.

ఆ లీటరు ఎక్కడికీ పోదు కూడా, దిగేటప్పుడు చాలావరకు తిరిగి వస్తుంది. గేర్లో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే ఇప్పటి ఇంజిన్లన్నీ ఇంజెక్టర్లకు పెట్రోలు ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. మన వైపు ఇంకా చాలామంది పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి దించుతున్నారు. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా తిరగడానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి, అంటే అక్కడ మిగిలేదేమీ లేకపోగా బరువంతా బ్రేకుల మీద పడుతుంది. సుంకి దిగుతుంటే ముందు లారీ దగ్గర కాలిన బ్రేకు వాసన వచ్చిన ప్రతిసారీ నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగండి.

దీనివల్ల ఇంకో తమాషా కూడా జరుగుతుంది. "వైజాగ్ వెళ్తే ఇరవై వచ్చింది" అని ఎవరైనా చెబితే వెంటనే "మరి తిరిగి వచ్చేటప్పుడు?" అని అడగండి. జయపురం 660 మీటర్ల ఎత్తులో ఉంది, వైజాగ్ సముద్రం ఒడ్డున. దూరం 220 దగ్గర. సగటున 18 ఇచ్చే బండికి పన్నెండు లీటర్ల పైచిలుకు కావాలి. దిగేటప్పుడు అందులో ఒక లీటరు కలిసి వస్తే 19, 20 మధ్య కనిపిస్తుంది, ఎక్కేటప్పుడు ఒక లీటరు ఎక్కువ తాగితే 16, 17 మధ్యకు పడిపోతుంది. బండి అదే, నడిపేవాడు అదే, ఏసీ అదే. ఇక్కడ నింపి అక్కడ మళ్లీ నింపి లెక్క కట్టినవాడు తన కారుని పొగుడుతాడు, అక్కడ నింపి ఇక్కడ లెక్క కట్టినవాడు షోరూం వాణ్ణి తిడతాడు. మన కొండల్లో మైలేజీ చూడాలంటే ఒకే పంపులో ఆటో కట్ వరకు (పంపు తనంతట తానే ఆగేదాకా) నింపి, వెళ్లి వచ్చి, మళ్లీ అదే పంపులో ఆటో కట్ వరకు నింపాలి. డ్యాష్‌బోర్డు మీద చూపించే అంకెని నమ్మకండి, అది చాలా బండ్లలో కాస్త ఎక్కువే చెబుతుంది.

ఇలా రానుపోను లెక్క చూస్తే నా 1.2కి 18 దగ్గర వస్తోంది, బావమరిది టర్బోకి 17 దగ్గర. ఘాట్ అంతా కలిసిన దారిలో తేడా అంతే. మరి నేను ఎందుకు 1.2 వైపు మొగ్గుతున్నానంటే ఊళ్లో తిరుగుడు చూసి.

అసలు మన మైలేజీని తినేది ఘాట్ అని అందరూ అనుకుంటారు గానీ మన ఊళ్లలో కారు ఎలా వాడతామో ఒకసారి చూడండి. పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపడానికి రెండు కిలోమీటర్లు, మధ్యాహ్నం బ్యాంకుకి ఒకటిన్నర, సాయంత్రం బజారుకి, ఛక్ (కూడలి) దగ్గర ఆవులూ ఆటోలూ దాటేదాకా బండి ఆన్‌లోనే. ఇంజిన్ వేడెక్కకముందే ప్రయాణం అయిపోతుంది. చల్లగా ఉన్న ఇంజిన్‌కి కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తుంది, ఆయిల్ చిక్కగా ఉంటుంది, మొదటి రెండు మూడు కిలోమీటర్లు ఏ బండికైనా దండగే. సిమిలిగూడ, పొట్టంగి వైపు ఉండేవాళ్లకి డిసెంబరు, జనవరి చలిలో ఇది ఇంకా ఎక్కువ, బండి వేడెక్కడానికే ఊరు దాటాలి. కుందులి సంత రోజు శుక్రవారం ఆ దారిన వెళ్లినా అంతే, ఫస్ట్ గేరు, క్లచ్, మళ్లీ ఫస్ట్ గేరు.

ఈ తిరుగుడులో నా 1.2 ఇచ్చేది 13, 14. టర్బో 11 దాటడం కష్టం. కారణం చెప్పడం కూడా కష్టం కాదు. టర్బో ఇంజిన్లో గాలిని తోసి నింపుతారు కాబట్టి కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే మోతాదు) తగ్గించి పెడతారు, లేకపోతే నాకింగ్ వస్తుంది, అంటే పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజిన్ టకటకమంటుంది. అందువల్ల కాలు మెల్లగా పెట్టి నడిపే వేగాల్లో, టర్బో ఇంకా పని మొదలుపెట్టనప్పుడు, ఆ చిన్న ఇంజిన్ కాస్త నీరసంగా ఉంటుంది. నీరసంగా ఉందని మనం ఇంకొంచెం తొక్కుతాం, అప్పుడు టర్బో తోపు ఒక్కసారిగా అందుకుంటుంది, ముందు ఆటో ఉంటుంది, బ్రేకు వేస్తాం. పోసిన పెట్రోలంతా బ్రేకు ప్యాడ్ల వేడిగా పోతుంది. బావమరిదిది కాలు కాస్త బరువు అని మా ఆవిడ కూడా ఒప్పుకోదు గానీ, ఆ బండి నేను నడిపినా మైలేజీ పెద్దగా పెరగలేదు.

ఏడాదికి పదివేల కిలోమీటర్లు, సగం ఊళ్లో, సగం రోడ్డు మీద అనుకోండి. ఊళ్లో 13.5 ఇచ్చే బండికి 370 లీటర్లు, 11 ఇచ్చేదానికి 455. రోడ్డు మీద 18 ఇచ్చేదానికి 278, 17 ఇచ్చేదానికి 294. మొత్తం వంద లీటర్ల తేడాలో పదహారే రోడ్డు మీదివి, మిగిలిన ఎనభై నాలుగూ ఊళ్లో కాల్చినవే. ఘాట్ గురించి టెన్షన్ పడుతూ ఊరి లెక్క వదిలేస్తే కొనేటప్పుడు తప్పు బండి ఎంచుకుంటామని నేను అనేది ఇందుకే.

టర్బోకి దక్కాల్సింది కూడా చెప్పాలి. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, 900 మీటర్ల దగ్గర సముద్రమట్టం కంటే తొమ్మిది, పది శాతం దాకా తక్కువ. మామూలు ఇంజిన్ పీల్చేది ఆ గాలినే కాబట్టి దాని బలమూ ఆ మేరకు తగ్గుతుంది, 90 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) ఇంజిన్ మన దగ్గర 80 చిల్లరగా పనిచేస్తుంది. టర్బో ఆ లోటుని తనే తోసి పూడ్చుకుంటుంది. పైగా టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, ఫ్రాంక్స్ 1.2లో 113 న్యూటన్ మీటర్లయితే టర్బోలో 148. సుంకి మలుపుల్లో ఐదుగురు ఎక్కి ఉండగా, ముందు లారీ పదిహేను వేగంతో పాకుతుండగా, ఎదురుగా కాస్త ఖాళీ దొరికితే టర్బో మూడో గేరులోనే దాటేస్తుంది, నేను రెండోకి దించి ఇంజిన్‌ని అరిపించాలి, ఒక్కోసారి వద్దులే అని వెనకే ఉండిపోవాలి. వ్యాపారం పని మీద వారంలో రెండు మూడుసార్లు సాలూరు దిగి ఎక్కేవాళ్లయితే, ఊళ్లో తిరగడానికి ఇంట్లో స్కూటీ ఉంటే, కళ్లు మూసుకుని టర్బో తీసుకోండి. వాళ్ల ఏడాది లెక్కలో నేను చెప్పిన ఆ ఎనభై నాలుగు లీటర్లు ఉండవు. మిగతావాళ్లు, అంటే ఉద్యోగం, స్కూలు, గుడి, నెలకో రెండు నెలలకో విజయనగరం చుట్టాలింటికి వెళ్లేవాళ్లు, టర్బోకి ముందే ఎక్కువ డబ్బు పెట్టి తర్వాత పెట్రోలుకి కూడా ఎక్కువ పెట్టడం నాకు నచ్చదు.

ఇథనాల్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. ఇప్పుడు పంపుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికలో పాత తరహా కార్లకు 6, 7 శాతం దాకా, ఇథనాల్‌కి తగ్గట్టు తయారుచేసి ట్యూన్ చేసినవాటికి 1, 2 శాతం తగ్గుతుందని రాశారు. కొత్త బండి కొనేవాళ్లు దీని గురించి ఆలోచించి బుర్ర పాడుచేసుకోవక్కర్లేదు, రెండు ఇంజిన్లకీ అదే పెట్రోలు.

పంచ్ విషయానికొస్తే ఇంజిన్ మూడు సిలిండర్ల 1.2, బండి కాస్త బరువు, ఊళ్లో ఫ్రాంక్స్ 1.2 కంటే కొంచెం తక్కువ ఇస్తుందని వాడేవాళ్ల మాట. కానీ 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ చేసే క్రాష్ పరీక్షలో పెద్దల రక్షణకి ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న బండి, ఘాట్ రోడ్డు మీద తిరిగేవాడికి ఒక కిలోమీటరు మైలేజీ కంటే అది ముఖ్యం అనిపిస్తే నేను వాదించను. ఎక్స్‌టర్ నాలుగు సిలిండర్లు, నున్నగా నడుస్తుంది, మైలేజీలో పంచ్ పక్కనే. మాగ్నైట్ కావాలంటే టర్బోలోనే చూడండి, టర్బో లేని 72 పీఎస్ ఇంజిన్‌తో నిండా మనుషుల్ని ఎక్కించుకుని కొండ ఎక్కాలనుకోవద్దు.

ఏఎమ్‌టీ, అంటే గేర్లు తనే మార్చుకునే రకం, కాగితం మీద బాగానే ఉంటుంది, ఫ్రాంక్స్‌లో అయితే మాన్యువల్ కంటే ఎక్కువే, 22.89. ఘాట్‌లో మాత్రం ఏ గేరు వెయ్యాలో దానికి తోచక మూడోకీ రెండోకీ మధ్య ఊగుతుంది, మలుపులు వచ్చినంతసేపూ మాన్యువల్ మోడ్‌లో పెట్టుకుంటే సరి. సీఎన్‌జీ అయితే ముందు మీ దారిలో పంపు ఉందో లేదో చూసుకోండి, ఎక్స్‌టర్ లాంటి బండి 83 పీఎస్ నుంచి 69కి దిగిపోతుందని కూడా గుర్తుపెట్టుకోండి.

ఇక మైలేజీతో సంబంధం లేకుండా జేబుకి మిగిలేది ఒకటుంది. పెట్రోలు మీద ఆంధ్రాలో వ్యాట్ 31 శాతం, దాని పైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఒడిశాలో 28 శాతం. ఓడీ 10 (కోరాపుట్ నంబరు) బండివాళ్లందరికీ తెలిసిన పనే, ఘాట్ దిగకముందే ఇటువైపు ట్యాంకు నింపుకోవడం. ఫ్రాంక్స్ ట్యాంకు 37 లీటర్లు, 18 ఇచ్చే బండికి జయపురం నుంచి వైజాగ్ వెళ్లి, ఊళ్లో ఓ రెండు రోజులు తిరిగి, మళ్లీ ఇల్లు చేరడానికి అది సరిపోతుంది, అటువైపు పంపు దగ్గర ఆగే పనే ఉండదు.